ఐదు ఊళ్లు, ముగ్గురు మేయర్లు

పిల్లలూ, ఇటలీ పటం తీసి జెనోవా రేవు మీద వేలు పెట్టండి. అక్కణ్నుంచి సముద్రపు ఒడ్డు వెంబడే ఆగ్నేయంగా జరుపుకుంటూ రండి. చింక్వె తెర్రె అనే చోటు తగులుతుంది. నిటారు కొండలు నేరుగా సముద్రంలోకి దిగే ఆ తీరంలో ఐదు ఊళ్లున్నాయి: మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నిల్యా, మనరోలా, రియోమజ్జోరె. యునెస్కో 1997లో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. యూరప్ చూసొచ్చిన మనవాళ్ల ఫోన్లలో రంగురంగుల ఇళ్లు కొండకి అతుక్కుపోయినట్టు కనిపిస్తే, అవి చాలావరకు ఈ ఊళ్లే.

చూసేవాళ్లకి ఐదూ ఒక్కలాంటివే. ఐదింటికీ రైల్వే స్టేషనుంది, ఐదింటికీ చర్చి ఉంది, కొండవాలు మీద రాతిగట్లు కట్టి పెంచిన ద్రాక్షతోటలున్నాయి. కానీ ఐదు ఊళ్లకీ కలిపి మేయర్లు ముగ్గురే! మోంతెరోస్సోకి ఒకరు, వెర్నాత్సాకి ఒకరు, రియోమజ్జోరెకి ఒకరు. మిగిలిన రెండింటి మాటేమిటి? కోర్నిల్యా వెర్నాత్సా కిందకి వస్తుంది, మనరోలా రియోమజ్జోరె కిందకి వస్తుంది. కోర్నిల్యా సముద్రానికి దాదాపు వంద మీటర్ల ఎత్తున, కొండ కొమ్మున కూర్చుని ఉంటుంది. స్టేషన్లో దిగితే ఊళ్లోకి చేరడానికి దాదాపు 380 మెట్లెక్కాలి. అంత ఎత్తున ఉన్నా ఆ ఊరికి సొంత పురపాలక కార్యాలయం మాత్రం లేదు.

ఎందుకిలా? ఇటలీ ప్రభుత్వం నిచ్చెన ఎలా కట్టుకుందో చూస్తే తెలుస్తుంది. పైన దేశం. దాని కింద 20 ప్రాంతాలు, వాటిలో సిసిలీ, సార్దీనియా వంటి ఐదింటికి ప్రత్యేక ప్రతిపత్తి. వాటి కింద ప్రావిన్సులు, పెద్ద నగరాల చుట్టూ అయితే మహానగర మండలాలు. అన్నిటికన్నా కింద, మనుషులకి అన్నిటికన్నా దగ్గరగా, కొమూనెలు. దేశం మొత్తం మీద అవి దాదాపు 7,900. వాళ్ల రాజ్యాంగం 114వ అధికరణం రిపబ్లిక్ వేటితో ఏర్పడిందో చెబుతూ లెక్క కింద నుంచి మొదలుపెడుతుంది: ముందు కొమూనె, తరవాత ప్రావిన్సు, మహానగరం, ప్రాంతం, చిట్టచివర దేశం. 2001లో సవరించి రాసుకున్న వరస ఇది. నాకు చాలా నచ్చింది. అయితే ఆ జాబితాలో ఊరు అనే మాట ఎక్కడా లేదు. ఊరు కంటికి కనిపించేది, కొమూనె చట్టానికి కనిపించేది. రెండూ ఒకటే కానక్కర్లేదు.

ఒక కొమూనెలో కార్యాలయం ఉండే ముఖ్య ఊరు ఒకటుంటుంది. దాని చుట్టూ శివారు ఊళ్లు ఉంటాయి. వాటిని ఫ్రాత్సియోనె అంటారు. మన గ్రామ పంచాయతీకి శివారు గ్రామాలున్నట్టే అనుకోండి. తేడా ఏమిటంటే, మనకి చిన్న ఊరికి పంచాయతీ, పట్నానికి మునిసిపాలిటీ, నగరానికి కార్పొరేషన్ అని మూడు రకాలు. అక్కడ అన్నిటికీ కొమూనె ఒక్కటే. దాదాపు 28 లక్షల మంది ఉండే రోము కొమూనే, లొంబార్దీలో కొండల మధ్య ముప్ఫైమంది దాకా ఉండే మోర్తెరోనె కూడా కొమూనే. రాజధానిగా రోముకి కొన్ని ప్రత్యేక అధికారాలున్నా, రాజ్యాంగం జాబితాలో ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుంటారు. విస్తీర్ణంలోనూ అంతే తేడా. రోము దాదాపు 1,285 చదరపు కిలోమీటర్లు. అమాల్ఫీ తీరంలో ఉన్న అత్రానీ 0.12 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు 30 ఎకరాలు. మన వైపు ఓ మోస్తరు రైతుల పొలాలు నాలుగు కలిపితే అంత. దానికో మేయరు, ఓ కౌన్సిలు.

మోర్తెరోనె సంగతి చెప్పగానే మీలో ఒకరికి అనుమానం వచ్చే ఉంటుంది. మూడు వేల లోపు జనం ఉన్న కొమూనెకి మేయరు కాక పదిమంది కౌన్సిలర్లుండాలని చట్టం. ముప్ఫైమందిలో పదకొండు మంది పదవుల్లో ఉంటే ఓటేసేదెవరు? దానికో వెసులుబాటుంది. కౌన్సిలుకి పోటీ చేసేవాళ్లు ఆ ఊళ్లోనే ఉండాలని లేదు, దేశంలో ఏ కొమూనెలోనైనా ఓటరై ఉంటే చాలు. పట్నంలో స్థిరపడి వేసవికి వచ్చే మనవలు, పక్క లోయలో ఉద్యోగం చేసుకునే పిల్లలు కూడా నిలబడవచ్చు. చిన్న కొమూనెలకి ఇది పెద్ద ఆసరా.

ఎన్నికల్లోనూ చిన్న ఊళ్లకి తగ్గ ఏర్పాట్లున్నాయి. 1993 నుంచి మేయర్ని జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు. పదవీకాలం ఐదేళ్లు. 15 వేల కన్నా ఎక్కువమంది ఉన్న చోట ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే రెండో విడత పోలింగు జరుగుతుంది. చిన్న చోట్ల ఒక్క విడతతోనే తేలుతుంది. ఒక్కోసారి ఒకే జట్టు పోటీకి దిగుతుంది. మన దగ్గరైతే ఏకగ్రీవం అని దండలేస్తాం. ఇటలీలో అలా కుదరదు. ఒక్క జట్టే ఉన్నా పోలింగు జరగాలి, తగినంతమంది వచ్చి ఓటేయాలి. చాలాకాలం ఓటర్లలో సగం మంది రావాలన్నారు, ఈమధ్య ఎన్నికల్లో దాన్ని 40 శాతానికి దించారు. అంతమంది రాకపోతే ఎన్నిక చెల్లదు. ప్రావిన్సులో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా ఉండే ప్రిఫెక్టు అప్పుడు ఒక కమిషనర్ని పంపుతాడు. ఎవరూ ఎదురు నిలబడకపోయినా సరే, జనం గుమ్మం దాటి వచ్చి అవునని చెప్పాలన్న పట్టుదల అది.

మరి ఇంత చిన్న ఊరి మేయరు చేసేదేమిటి? రిబ్బను కత్తిరించడమేనా? కాదర్రా. జనన మరణాల నమోదు, నివాసుల జాబితా, గుర్తింపు కార్డులు, ఊరి రోడ్లు, చెత్త, శ్మశానం, చిన్న తరగతుల బడి భవనాలు, ఇళ్లు కట్టుకోవడానికి అనుమతులు, అన్నీ కొమూనె పనులే. హైస్కూలు భవనాలు ప్రావిన్సువి, ఆస్పత్రులు ప్రాంత ప్రభుత్వానివి. చర్చిలో కాకుండా చట్టం ప్రకారం పెళ్లి చేసుకునేవాళ్లకి మేయరే పెళ్లి పెద్ద. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పట్టీ భుజం మీదుగా వేసుకుని పెళ్లి జరిపిస్తాడు. వరదొచ్చినా భూమి కంపించినా ముందుగా రంగంలోకి దిగవలసిన అధికారి కూడా మేయరే. 118వ అధికరణం ప్రకారం పరిపాలన పనులు ముందు కొమూనెకే చెందుతాయి, అక్కడ సరిగా సాగవనుకున్నవే పైకి వెళతాయి. వంటింట్లో తేలే సంగతిని వీధి అరుగు మీదికి తీసుకెళ్లక్కర్లేదని మన ముసలమ్మలు అనుకున్నట్టే ఇదీ.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఊరంటే ఏమిటి? ఎన్ని ఇళ్లుంటే ఊరు? ఇటలీ గణాంక సంస్థ ఇస్తాత్‌కి ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. జనగణన చేసేవాడు కొండ మీద ఇళ్ల గుంపు చూసి ఇది ఊరా, కాదా అని రాసుకోవాలి కదా. వాళ్లు మూడు మెట్లు పెట్టుకున్నారు. బడో, దుకాణమో, మందుల షాపో, ఏదో ఒకటి ఉండి చుట్టుపక్కల వాళ్లు వచ్చి కలుసుకునే చోటైతే అది పూర్తి ఊరు. ఆ సదుపాయాలు లేకుండా ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటే చిన్న గూడెం. ఇంటికీ ఇంటికీ సంబంధం లేకుండా పొలాల్లో విడివిడిగా ఉంటే చెదురు ఇళ్లు. గూడెం అనిపించుకోవడానికి చాలా జనగణనల్లో వాడిన కొలత ఇది: కనీసం ఐదు కుటుంబాలుండాలి, ఇంటికీ ఇంటికీ మధ్య దూరం 30 మీటర్లు మించకూడదు. టేపు పట్టుకుని ఊరుని కొలవడం అంటే ఇదే! నాకు ఇందులో బాగా నచ్చింది మొదటి మెట్టు. ఎన్ని ఇళ్లున్నాయని కాకుండా, మనుషులు కలుసుకునే చోటు ఉందా అని అడిగారు చూశారా, అది శాస్త్రం తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న.

సరే, ఊళ్లు ఇలా కొండల మీద ఎందుకు చెల్లాచెదరుగా ఉన్నాయి? దీనికి సగం కారణం శత్రువులైతే, సగం కారణం దోమ. దక్షిణ ఇటలీ పల్లపు నేలల్లో, తీరం వెంట ఉండే చిత్తడుల్లో మలేరియా మోసే అనాఫిలిస్ దోమ శతాబ్దాల పాటు రాజ్యమేలింది. లోయలో పంట పండించినా, రాత్రి నిద్రకి గాలి తగిలే కొండ మీదికి చేరితే జ్వరం తక్కువని జనం అనుభవంతో తెలుసుకున్నారు. సముద్రపు దొంగల భయం దానికి తోడైంది. అందుకని చాలా ఊళ్లు కొమ్ముల మీదికెక్కాయి. కొమూనె కార్యాలయాలూ అక్కడే వెలిశాయి.

పందొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చింది. పట్టాలు కొండెక్కవు కదా, తీరం వెంట పోయాయి. చిత్తడులు ఎండగట్టారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక డీడీటీతో దోమల మీద పెద్ద దండయాత్రే జరిగింది. 1970లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటలీని మలేరియా లేని దేశంగా ప్రకటించింది. ఇంకేముంది, జనం కిందికి దిగడం మొదలెట్టారు. స్టేషను పక్కన ఒక ఊరు, సముద్రపు ఒడ్డున ఒక ఊరు పెరిగాయి. కలాబ్రియాలో పాత ఊరు పేరు చివర మరీనా అనో స్కాలో అనో తగిలించిన చోట్లు బోలెడు కనిపిస్తాయి. మరీనా అంటే ఒడ్డున ఉన్నది, స్కాలో అంటే స్టేషను దగ్గరది. చట్టం ప్రకారం ఇవి శివారు ఊళ్లే. కొన్ని చోట్ల మాత్రం పిల్ల తల్లిని మించిపోయింది. జనం, దుకాణాలు, రద్దీ అంతా కింద ఉంటే, కొండ మీద నాలుగు వీధుల పాత ఊరు ముఖ్య ఊరి హోదా పెట్టుకుని ఉంది. ఒక్క దోమ పోతే జనం ఎలా కిందికి ఒరిగారో చూడండి.

శివారు ఊరికి చట్టంలో సొంత గొంతు తక్కువే. దానికి బడ్జెట్టు లేదు, ఎన్నికైన కౌన్సిలు లేదు. అలాంటి చోట మేయరు తన తరఫున కొన్ని పనులు చూడమని ఒక స్థానికుణ్ని నియమించవచ్చు. కొమూనె తన నియమావళిలో రాసుకుంటే ఊరి సలహా సంఘం పెట్టుకోవచ్చు. ఇవి కాక ప్రో లోకో అనే స్వచ్ఛంద సంఘాలున్నాయి. మొదటిది 1881లో త్రెంతీనోలోని పియెవె తెజీనోలో పుట్టిందంటారు. ఊరి తిరునాళ్లు జరిపేది, వంటల పండగ చేసేది, కాలిబాట శుభ్రం చేసేది వీళ్లే. ఇవేవీ ప్రభుత్వం కావు, అయినా ఇవి లేని శివారు ఊరు త్వరగా నీరసిస్తుంది.

ఇక్కడే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. జాగ్రత్తగా వినండి. మేయరు లేని ఈ శివారు ఊళ్లలో కొన్నింటికి సొంత అడవి ఉంది! సొంత పచ్చికబయళ్లున్నాయి. కట్టెలు కొట్టుకోవడానికి, గొడ్లు మేపుకోవడానికి ఊరందరికీ హక్కున్న ఉమ్మడి భూములు అవి. కొమూనెలు, ప్రావిన్సులు అన్న ఇప్పటి చట్రం కన్నా ఎంతో పాతవి. 1927లో చేసిన చట్టం శివారు ఊరి ఉమ్మడి భూమిని ఆ ఊరి జనం మేలు కోసమే వేరుగా నిర్వహించాలని చెప్పింది. 1957 చట్టం ఆ నిర్వహణకి ఐదుగురు సభ్యుల కమిటీ ఉండాలని, దాన్ని ఆ ఊరి వాళ్లే ఓటేసి ఎన్నుకోవాలని చెప్పింది. 2017లో ఉమ్మడి ఆస్తుల మీద మరో చట్టం వచ్చి వీటికి ఇంకా గట్టి గుర్తింపునిచ్చింది. త్రెంతీనో కొండల్లో ఇలాంటి కమిటీలు ఈనాటికీ ఎక్కువగా పనిచేస్తున్నాయి. ఏ చెట్లు కొట్టాలి, ఎవరి పశువులు ఎప్పుడు పైకెక్కాలి, కలప అమ్మిన డబ్బుతో ఏ బాట బాగు చేయాలి అని అక్కడే తేల్చుకుంటారు. ఒలింపిక్స్ వల్ల పేరు తెలిసిన కోర్తీనా దాంపెత్సో చుట్టూ ఉన్న అడవుల్లో పెద్దభాగం కూడా అక్కడి పాత కుటుంబాల ఉమ్మడి సంఘాలదే. పదవి పోయినా చేతిలో అడవి మిగిలిన ఊరికి మాట్లాడే హక్కు మిగిలినట్టే.

కొమూనెల లెక్క ఎప్పుడూ ఒక్కలా లేదు. ముస్సోలినీ రోజుల్లో చిన్న ఊళ్లకి గడ్డుకాలం. 1926లో ఎన్నికైన మేయర్లని తీసేసి, పొదెస్తా అనే నియమిత అధికారిని కూర్చోబెట్టారు. ముందు ఐదు వేల లోపు జనం ఉన్న కొమూనెల్లో, కొన్ని నెలలకే అన్నిచోట్లా. మరుసటేడాది నుంచి చిన్న కొమూనెలని గుంపులు గుంపులుగా పెద్దవాటిలో కలిపేశారు. 1921లో 9 వేల పైచిలుకు ఉన్నవి 1931 నాటికి దాదాపు 7,300 అయ్యాయి. జనాన్ని అడిగిన వాళ్లు లేరు. అందుకే యుద్ధం అయ్యాక రద్దయిన ఊళ్లు చాలా తిరిగి కొమూనె హోదా సాధించుకున్నాయి. కొత్త రాజ్యాంగం 133వ అధికరణం ఇంకో అడుగు వేసింది: కొమూనెల సరిహద్దులు గానీ పేర్లు గానీ మార్చాలంటే ప్రాంత ప్రభుత్వం చట్టం చేయాలి, దానికి ముందు అక్కడి జనం మాట వినాలి.

సరిహద్దు గీత ఎవరి కోసం గీశారన్నది ఆపద వస్తేగానీ తెలీదు. 2016 ఆగస్టు 24 తెల్లవారుజామున మధ్య ఇటలీ కొండల్లో భూకంపం వచ్చింది. 299 మంది చనిపోయారు. అమత్రీచె ఊరి నడిబొడ్డు కుప్పకూలింది. అమత్రీచె అంటే ఒక్క ఊరు కాదు, దాని కింద 69 శివారు ఊళ్లున్నాయి. మొత్తం కొమూనె జనాభా మాత్రం మూడు వేల లోపే. అంటే ఒక్కో శివారుకి సగటున యాభైమంది కూడా లేరు. సహాయం అందించేవాడు ఒక పట్నానికి వెళితే సరిపోదు, కొండదారుల్లో డెబ్భై చోట్లకి పోవాలి. కొండ అవతలి వైపు పెస్కారా దెల్ త్రోంతో అనే శివారు ఊరు దాదాపు నేలమట్టమైంది. అది అర్క్వాతా కొమూనెది, అర్క్వాతా మార్కె ప్రాంతానిది. అమత్రీచె లాత్సియో ప్రాంతానిది, అదీ 1927లో సరిహద్దులు మార్చినప్పుడు కలిపారు గానీ, అంతకుముందు అబ్రుత్సోది. భూకంపానికి ఈ గీతలు తెలియవు. ఏ శివారులో ఏ ముసలావిడ ఒంటరిగా ఉంటుందో తెలిసినవాడు దగ్గరలో ఉండటం అప్పుడు ఎంత ముఖ్యమో ఆలోచించండి.

ఇప్పటి పెద్ద సమస్య జనం తగ్గిపోవడం. ఇటలీ కొమూనెల్లో దాదాపు 70 శాతం ఐదు వేల లోపు జనం ఉన్నవే. దేశ జనాభాలో మాత్రం వాటి వాటా ఆరో వంతు దగ్గర. బడి మూసేస్తారు, పిల్లలున్న కుటుంబం వెళ్లిపోతుంది, తరవాత దుకాణం మూతపడుతుంది. దీన్ని పట్టించుకున్న ఆర్థికవేత్త ఫాబ్రిత్సియో బార్కా. ఆయన మంత్రిగా ఉన్నప్పుడు మొదలైన ఆలోచనే తరవాత లోతట్టు ప్రాంతాల జాతీయ విధానంగా రూపుదిద్దుకుంది. వాళ్లు ఊరి వెనకబాటుని ఆదాయంతో కొలవలేదు, నిమిషాలతో కొలిచారు. అత్యవసర వైద్యం ఉన్న ఆస్పత్రి, అన్ని రకాల హైస్కూళ్లు, ఓ మాదిరి రైల్వే స్టేషను, ఈ మూడూ ఉన్న పట్నం ఎంత దూరం? ఇరవై నిమిషాల లోపైతే దగ్గర. నలభై దాటితే అంచు. 75 దాటితే మరీ అంచు. మొదటి విడతలో పెట్టిన గీటురాళ్లివి. ఆ విడతలో 72 ప్రాంతాలని ఎంచుకున్నారు. గుండెనొప్పి వచ్చినవాడికి కిలోమీటర్లతో పనిలేదు, నిమిషాలే లెక్క. ఇంత తిన్నని కొలత ప్రభుత్వ కాగితాల్లో అరుదుగా కనిపిస్తుంది.

2017లో ఐదు వేల లోపు కొమూనెల కోసం ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. పాత ఇళ్ల మరమ్మతు, ఇంటర్నెట్టు, తపాలా సేవలు, స్థానిక పంటలు వంటివాటికి నిధి పెట్టారు. అది చాలదని చిన్న మేయర్లు అంటూనే ఉంటారు. సిబ్బంది సంగతి మరీ కష్టం. చట్టపరమైన కాగితాలన్నీ చూడాల్సిన కొమూనె కార్యదర్శి ఒక్కరే నాలుగైదు ఊళ్లకి తిరగడం మామూలే.

దీనికి మందుగా రెండు దారులున్నాయి. ఒకటి, కొమూనెలు ఎవరి మేయరు వాళ్లకి ఉంటూనే సంఘంగా ఏర్పడి చెత్త బండి, స్థానిక పోలీసు, కంప్యూటర్లు, లెక్కలు కలిపి నడుపుకోవడం. రెండోది పూర్తిగా కలిసిపోవడం. బొలోన్యా పక్కన బత్సానో, సవిన్యో వంటి ఐదు కొమూనెలు 2014 జనవరి 1న కలిసి వల్సమోజ్జా అయ్యాయి. ముందుగా జనాభిప్రాయం తీసుకున్నారు. పాత ఊళ్ల గుర్తింపు పోకుండా ఒక్కోచోట స్థానిక సంఘం ఉంచుకున్నారు. కలిసే వాళ్లకి ప్రభుత్వం అదనపు నిధులిస్తుంది.

నన్నడిగితే మొదటి దారే మంచిది. లెక్కలు, బండ్లు, యంత్రాలు ఎంతమందితోనైనా పంచుకోవచ్చు. కానీ కొండ మీద నలభై ఇళ్ల వాళ్లు తలుపు తట్టగల మనిషి ఒకరు దగ్గరలో ఉండాలి. ఖర్చు తగ్గుతుందన్న ఒక్క కారణంతో ఆ మనిషిని లోయ కిందికి పంపడం నాకు సమ్మతం కాదు. కలవాలనుకున్న ఊళ్లు కలవవచ్చు, అయితే 133వ అధికరణం చెప్పినట్టు జనాన్ని అడిగి, 1927లో జరిగినట్టు కాకుండా. మీలో ఎవరైనా రేపు ఇటలీ వెళితే ఊరి పొలిమేరలో పేరు పలక చదవండి. చాలా శివారు ఊళ్ల పలకల మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాలతో అది ఏ కొమూనెదో రాసి ఉంటుంది. కోర్నిల్యా వెళితే, ఆ మెట్లెక్కాక, వెర్నాత్సా పేరు ఉందేమో చూసి నాకు చెప్పండి.